గుండెకు బైపాస్ కావాలి, మెడ రక్తనాళంలోనూ అడ్డు ఉంది: ఏది ముందు?

యాంజియోగ్రామ్ చేసి, మూడు రక్తనాళాల్లో బ్లాకులున్నాయి, బైపాస్ తప్పదు అంటారు. ఆ టెన్షన్ తగ్గకముందే మెడ డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్) రిపోర్టు చేతికి వస్తుంది. కుడి పక్క 80 శాతం మూసుకుపోయిందని అందులో ఉంటుంది. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే మాట: ముందు గుండెకు చేయించాలా, మెడకా? రెండూ ఒకేసారి చేసేస్తే పోలేదా?

నేను హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ల విభాగంలో నర్సుని. చాలా ఏళ్ళు ఐసీయూలో చేశాను. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు రోగితోనూ ఇంటివాళ్ళతోనూ కూర్చుని మాట్లాడే పని చూస్తున్నాను. ఏది ముందు చేయాలో తేల్చేది డాక్టర్లే, అందులో సందేహం లేదు. కానీ వాళ్ళు తేల్చడానికి కావలసిన ముఖ్యమైన సంగతి చాలాసార్లు ఇంటివాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. అది ఏ స్కానింగులోనూ కనపడదు.

ముందు ఇంట్లో అడగండి

గడిచిన 6 నెలల్లో మెడ ఏమైనా సూచన ఇచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం దారి తేలినట్టే. అడ్డు 80 శాతమా 70 శాతమా అన్నదానికంటే ఇదే ముఖ్యం.

సూచన అంటే ఏమిటో వివరంగా అడగాలి. "పక్షవాతం వచ్చిందా?" అంటే లేదనే చెబుతారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో పక్షవాతం అంటే మంచాన పడటం. ఇలా అడగండి: అన్నం కలుపుతుండగా చేతిలోంచి ముద్ద జారిపోయిందా? చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఒక చెయ్యి కాసేపు మొరాయించిందా? ఫోన్లో మాట్లాడుతుండగా మాట తడబడి, పది నిమిషాల్లో సర్దుకుందా? మూతి ఒక పక్కకు వంగినట్టు ఎవరైనా గమనించారా? ఒక కంటికి తెర దించినట్టు చీకటై, కొద్ది నిమిషాల్లో మళ్ళీ మామూలైందా? ఈ చివరిది చాలామంది కళ్ళజోడు మార్చాలేమో అనుకుని వదిలేస్తారు. మెడ రక్తనాళంలోంచి ఊడిన చిన్న ముక్క కంటి రక్తనాళంలోకి వెళ్ళినా అలాగే అవుతుంది.

పక్క కూడా గుర్తు పెట్టుకోండి. కుడి మెడ నాళం వల్లనైతే బలహీనత ఎడమ చేతికి, ఎడమ కాలికి వస్తుంది. కంటికి మాత్రం అదే పక్క వస్తుంది. మాట తడబడటం ఎక్కువమందిలో ఎడమ మెడ నాళానికి సంబంధించింది. ఉత్తగా తల తిరగడం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, ఇవి సాధారణంగా మెడ ముందు నాళాల లెక్కలోకి రావు. అయినా డాక్టర్‌కు చెప్పండి.

రోగిని ఒక్కరినే అడగొద్దు. రిటైరైన టీచర్ ఒకాయన మా దగ్గర "నాకేం రాలేదమ్మా" అని తేల్చేశారు. పక్కనే ఉన్న ఆయన భార్య నెమ్మదిగా అందుకుని, "దసరా సెలవుల్లో పేపర్ చదువుతూ ఎడమ కన్ను కనపడట్లేదన్నారు కదండీ, కాఫీ తాగాక తగ్గిందన్నారు" అని గుర్తు చేశారు. అడ్డు ఉన్నదీ ఎడమ పక్కే. ఆ ఒక్క మాటతో ఆయన ఆపరేషన్ల వరుస మారింది. మగవాళ్ళు చెప్పరు, ఆడవాళ్ళకు గుర్తుంటుంది అని నా అనుభవం. ఆడ రోగుల విషయంలో అయితే పిల్లలను అడగండి, ఎందుకంటే ఆడవాళ్ళు తమ ఇబ్బందిని ఎవరికీ చెప్పకుండా పని చేసుకుపోతారు. తేదీతో సహా ఒక కాగితం మీద రాసి సర్జన్ చేతికివ్వండి.

ఈ సూచనకు అంత విలువ ఎందుకంటే, 1991లో ఉత్తర అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. సూచన ఇచ్చిన మెడ నాళంలో 70 శాతం పైన అడ్డు ఉన్నవాళ్ళను మందులతో మాత్రమే చూస్తే, రెండేళ్ళలో ఆ పక్క మెదడుకు స్ట్రోక్ వచ్చినవాళ్ళు 26 శాతం. ఆపరేషన్ చేసినవాళ్ళలో అది 9 శాతం. సూచన ఇవ్వని మెడలో ఇంత తేడా లేదు. 1995 నాటి మరో అధ్యయనంలో, ఏ సూచనా లేనివాళ్ళకు 5 ఏళ్ళలో స్ట్రోక్ ముప్పు మందులతో 11 శాతం, ఆపరేషన్‌తో 5 శాతం. అప్పటికీ ఇప్పటికీ కొలెస్ట్రాల్ మందులు బాగా మెరుగయ్యాయి కాబట్టి ఆ తేడా ఇంకా తగ్గిందని చాలామంది డాక్టర్లు భావిస్తారు.

డాప్లర్ రిపోర్టులో ఏం చూడాలి

శాతం ఒక్కటే చూసి భయపడొద్దు. ఆ శాతాన్ని రక్తం వేగాన్ని బట్టి అంచనా కడతారు. తోటకు నీళ్ళు పెట్టే పైపు చివర వేలితో నొక్కితే నీళ్ళు జోరుగా చిమ్ముతాయి కదా, అలాగే నాళం ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది. రిపోర్టులో పీఎస్‌వీ అని రాసేది ఆ వేగాన్నే. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే 50 శాతం పైన, 230 దాటితే 70 శాతం పైన అడ్డు ఉందని లెక్క. రిపోర్టులో శాతం రాసి వేగం రాయకపోతే, ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే మళ్ళీ తీయించమని అడగండి. చేసేవాళ్ళ చేతిని బట్టి ఈ పరీక్ష ఫలితం మారుతుంది. 70 శాతానికి అటూ ఇటూగా ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

ఆపరేషన్ ఆలోచన గట్టిగా ఉంటే మెడకు సీటీ యాంజియో కూడా అడుగుతారు. గుండె యాంజియోకు ఇచ్చిన రంగు మందు కిడ్నీల మీద భారం వేసి ఉంటుంది కాబట్టి, షుగర్ ఉన్నవాళ్ళు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకున్నాకే రెండోసారి ఆ మందు తీసుకోవాలి.

100 శాతం మూసుకుపోయిందని వస్తే ఇంటివాళ్ళు అన్నిటికంటే ఎక్కువ కంగారుపడతారు. "80 ఉన్నదానికి చేస్తామంటున్నారు, 100 ఉన్నదాన్ని వదిలేస్తామంటున్నారేంటి?" అని నన్ను అడుగుతారు. పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని మామూలుగా తెరవరు. తెరవబోతే లోపలి గడ్డలు మెదడులోకి వెళ్ళే ప్రమాదం ఉంది. అప్పటికే మెదడు మిగతా నాళాల నుంచి రక్తం తెచ్చుకుంటూ ఉంటుంది. కాబట్టి అలాంటి మనిషికి రెండో పక్క నాళమే ప్రాణాధారం. దాన్ని ఎలా కాపాడతారో అడగండి.

ఇంకొకటి, ఖర్చు లేనిది. రెండు చేతులకూ బీపీ చూడమనండి. ఎడమ చేతిలో బీపీ కుడి చేతికంటే 15, 20 తక్కువ వస్తుంటే, ఎడమ చేతికి రక్తం తీసుకెళ్ళే నాళంలోనూ అడ్డు ఉండొచ్చు. బైపాస్‌లో గుండెకు కలిపే అతి ముఖ్యమైన నాళం, ఛాతీ లోపలి ఎడమ మామరీ, ఆ నాళం నుంచే పుడుతుంది. మూలంలోనే ధార సన్నగా ఉంటే గుండెకు కలిపినా ఫలితం ఉండదు. మెడలో జబ్బు ఉన్నవాళ్ళలో ఇది కొట్టిపారేయాల్సిన విషయం కాదు.

బైపాస్‌లో స్ట్రోక్ అంతా మెడ వల్లే రాదు

ఇది మనసుకు పట్టించుకోవాలి. పట్టించుకోకపోతే "మెడ క్లీన్ చేయించేస్తే ఇక భయం లేదు" అనే ధీమా వస్తుంది. పాత అధ్యయనాలన్నీ కలిపి 2002లో వేసిన లెక్క ప్రకారం, మెడలో చెప్పుకోదగ్గ అడ్డు లేనివాళ్ళకు బైపాస్‌లో స్ట్రోక్ 2 శాతం లోపే. ఏ సూచనా ఇవ్వని ఒక పక్క అడ్డు ఉంటే 3 శాతం. రెండు పక్కలా ఉంటే 5 శాతం. ఒక నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటే 7 నుంచి 11 శాతం. అంటే మెడలో జబ్బు ఉన్నవాళ్ళకు ముప్పు ఎక్కువే, కానీ వచ్చిన స్ట్రోకుల్లో సగానికి పైగా మెడ ఒక్కటే కారణమని చెప్పలేనివి. గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం, అయోర్టా, లోపల పేరుకున్న కొవ్వు పెళ్ళలు దాన్ని క్లాంపుతో పట్టినప్పుడు ఊడి మెదడుకు వెళ్ళడం పెద్ద కారణం. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో గుండె లయ తప్పి, గడ్డలు కట్టడం ఇంకొకటి. గుండె లయ తప్పడం బైపాస్ అయినవాళ్ళలో నూటికి ముప్పై మంది దాకా చూస్తాం.

అందుకే సర్జన్‌ను మెడ గురించి ఒక్కటే కాక ఇవీ అడగండి. అయోర్టా గోడను సీటీలో గానీ, ఆపరేషన్‌లో దాని మీదే పెట్టే అల్ట్రాసౌండ్‌తో గానీ చూస్తారా? అయోర్టాను ముట్టుకోకుండా, గుండెకు బదులు రక్తాన్ని తిప్పే పంపు లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేసే వీలుందా? పంపు మీద చేస్తే బీపీని మామూలుకంటే కాస్త ఎక్కువలో నిలుపుతారా? నుదుటి మీద అతికించి మెదడుకు ఆక్సిజన్ అందుతోందో చూసే సెన్సర్ వాడతారా? ఈ ప్రశ్నలకు మంచి సర్జన్లు విసుక్కోరు.

ఉన్న దారులు

మెడ ముందు, గుండె తర్వాత. మెడ సూచన ఇచ్చింది, గుండె మాత్రం నిలకడగా ఉంది, విశ్రాంతిలో నొప్పి రావట్లేదు, గుండెకు రక్తమిచ్చే ఎడమ ప్రధాన నాళంలో అడ్డు లేదు అంటే ఈ దారి. సూచన వచ్చిన 14 రోజుల్లోపు మెడ ఆపరేషన్ అయితే లాభం ఎక్కువ. ఇందులో భయం గుండెపోటు గురించి, ఎందుకంటే గుండె బ్లాకులు అలాగే ఉండగా మెడకు చేస్తున్నారు. మెడ వరకే మత్తిచ్చి, మనిషి మెలకువగా ఉండగానే చేసే పద్ధతీ ఉంది. చేతిలో నొక్కితే కీచుమనే బొమ్మ పెట్టి, నొక్కమంటూ ఉంటారు. చప్పుడు వస్తున్నంతసేపూ మెదడుకు రక్తం అందుతున్నట్టే.

ఆపరేషన్‌లో దవడ కింద మెడ పక్కన కోసి, నాళాన్ని కాసేపు బిగించి, తెరిచి, లోపలి కొవ్వు పొరను ఒలిచి తీసేస్తారు. సాధారణంగా ఒక ప్యాచ్ వేసి కుడతారు. ఎండార్టరెక్టమీ అంటారు. 1950ల నుంచి చేస్తున్నదే.

గుండె ముందు, మెడ తర్వాత. మెడ ఏ సూచనా ఇవ్వలేదు, అడ్డు ఒక పక్కే ఉంది, గుండె ఆపరేషన్ మాత్రం వాయిదా వేసేలా లేదు అంటే ఇదే. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. వీళ్ళలో చాలామందికి మెడ ఆపరేషన్ తర్వాత కూడా అవసరం పడకపోవచ్చు, మందులూ డాప్లర్లూ చాలు.

రెండూ ఒకే మత్తులో. 1972లోనే అమెరికాలో ఇలా చేసి నివేదిక రాశారు. కాలి నుంచి సిర తీస్తుండగా ఇంకో బృందం మెడ ఆపరేషన్ ముగించి, తర్వాత ఛాతీ తెరుస్తారు. మెడ ఈమధ్యే సూచన ఇచ్చింది, ఎడమ ప్రధాన నాళం కూడా ప్రమాదంలో ఉంది, దేన్నీ వాయిదా వేయలేం అన్నప్పుడు దీనికి అర్థం ఉంది. రెండు పక్కలా 70 శాతం పైన ఉన్నా, ఒకటి మూసుకుపోయి రెండోది 70 దాటినా, సూచన లేకపోయినా ఆలోచిస్తారు. "ఒక్కసారి మత్తు, ఒక్కసారి ఖర్చు" అనే కారణంతో మాత్రం మీరు దీన్ని అడగొద్దు. జర్మనీ, చెక్ దేశాల్లో సూచన లేని 129 మందితో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు, స్ట్రోక్ వచ్చినవాళ్ళు కలిపి, రెండూ కలిపి చేస్తే 18.5 శాతం, గుండెకు మాత్రమే చేస్తే 9.7 శాతం. మనుషుల సంఖ్య తక్కువ కాబట్టి అదే చివరి మాట కాదు. 2011లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనం దీనికి ఎదురు చెప్పింది. అక్కడ మెడకు ముందుగా గానీ, గుండెతో కలిపి గానీ చేసినవాళ్ళలో 90 రోజుల్లో స్ట్రోక్, మరణం 1 శాతం, మెడను తర్వాతకు వాయిదా వేసినవాళ్ళలో 8.8 శాతం. రెండు ఆసుపత్రుల్లో రెండు మాటలు వినపడితే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోకండి. ఈ విషయంలో నిజాయితీగల డాక్టర్ల మధ్యే అభిప్రాయభేదం ఉంది. "మా నాన్నగారికి సూచన వచ్చిందా లేదా అన్నదాన్ని లెక్కలోకి తీసుకున్నారా?" అని ఇద్దరినీ అడగండి. దానికి ఎవరు నిలకడగా జవాబు చెబితే వాళ్ళ మాట వినండి.

మెడకు స్టెంట్ వేసి తర్వాత బైపాస్ చేయడం ఇంకో దారి. మెడకు ఇంతకుముందు రేడియేషన్ ఇచ్చినా, ఆపరేషన్ అయినా ఇది పనికొస్తుంది. ఇబ్బందేమిటంటే స్టెంట్ వేశాక కనీసం నెల రోజులు రెండు రకాల రక్తం పలచబరిచే మాత్రలు వాడాలి. వాటి మీద ఛాతీ తెరిస్తే రక్తం ఆగదు, వాటిని ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె ఆపరేషన్‌ను అన్నాళ్ళు వాయిదా వేయొచ్చా అన్నది ముందే తేల్చుకోవాలి.

గుండె సర్జన్, రక్తనాళాల సర్జన్, న్యూరాలజిస్టు, మత్తు డాక్టరు ఒకేచోట దొరికే ఆసుపత్రిలో ఇది తేలికగా తేలుతుంది. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ నిమ్స్‌లో గుండె, రక్తనాళాల శస్త్రచికిత్స విభాగాలు రెండూ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కింద వెళ్తుంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మెడకూ గుండెకూ విడివిడిగా అనుమతి తీసుకోవాలా, మధ్యలో ఎన్నాళ్ళు గడువు ఉంటుంది అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆపరేషన్‌కు ముందు రోజులు

వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని రండి, పేర్లు చెబితే చాలదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర మామూలుగా ఆపరు. రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్‌ను బైపాస్‌కు 5 రోజుల ముందు ఆపుతారు, కానీ మెడ సూచన ఇచ్చినవాళ్ళ విషయంలో ఎప్పుడు ఆపాలో సర్జన్ స్వయంగా చెప్పాలి. ఫార్మసీ వాళ్ళు చెప్పినా, ముందు ఆపరేషన్ అయిన బంధువు చెప్పినా సొంతంగా ఆపొద్దు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, వాటిని 3 రోజుల ముందే ఆపాలి.

బీడీ, సిగరెట్, చుట్ట ఇవాళే ఆగాలి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. మెడనూ గుండెనూ ఒకేసారి పాడుచేసేది అదే.

ఐసీయూలోనూ, ఇంటికొచ్చాకా

మత్తు దిగగానే మేం చూసేది రెండు చేతులూ పిడికిలి బిగిస్తున్నారా, రెండు పాదాలూ కదుపుతున్నారా, నాలుక నేరుగా బయటికి వస్తోందా, మాట స్పష్టంగా ఉందా. డాక్టర్ బయటికి వచ్చినప్పుడు "బాగున్నారా" అని కాకుండా "రెండు చేతులూ కదిపారా" అని అడగండి, సరైన కబురు దొరుకుతుంది.

రెండో రోజో మూడో రోజో రోగి అయోమయంగా మాట్లాడి, గోడ మీద పురుగులున్నాయనడం, ఎవరో కొట్టడానికి వస్తున్నారనడం ఉంటుంది. ఇంటివాళ్ళు హడలిపోతారు. పెద్ద వయసు వాళ్ళలో పెద్ద ఆపరేషన్ తర్వాత ఇది వస్తుంది, చాలావరకు కొద్ది రోజుల్లో పోతుంది. కళ్ళజోడు, వినికిడి మిషన్ తెచ్చివ్వండి. దగ్గర కూర్చుని ఇవాళ ఏ వారం, మనవరాలు ఏం చేస్తోంది, ఇలాంటివి మామూలుగా మాట్లాడండి. ఒక పక్క బలం తగ్గడం, మూతి వంగడం మాత్రం అయోమయం కాదు, వెంటనే నర్సును పిలవండి.

మెడ కోసిన పక్క చెవి తమ్మె, దవడ మొద్దుబారి ఉంటుంది. నెలల తరబడి అలాగే ఉండొచ్చు, భయం లేదు. మగవాళ్ళు అక్కడ గడ్డం గీసుకునేటప్పుడు తెగినా తెలీదు కాబట్టి కొన్నాళ్ళు ట్రిమ్మర్ వాడాలి. గొంతు బొంగురుపోయినా, నీళ్ళు తాగుతుంటే పొలమారుతున్నా డాక్టర్‌కు చెప్పండి. మొదటి రోజుల్లో మెడ ఉబ్బి ఊపిరి కష్టమైతే ఒక్క నిమిషం ఆగొద్దు.

మెడ తెరిచాక మొదటి నెలలో బీపీ విషయంలో చాలా జాగ్రత్త కావాలి. ఇన్నాళ్ళూ తక్కువ రక్తానికి అలవాటుపడ్డ మెదడుకు ఒక్కసారిగా ఎక్కువ వస్తోంది. చేసిన పక్కనే తలనొప్పి, బీపీ ఎక్కువ, ఫిట్స్ ఇవి కనపడితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో బీపీ మిషన్ కొనుక్కుని పొద్దున, సాయంత్రం రాయండి.

ఛాతీ ఎముక అతుక్కునేదాకా, రెండు మూడు నెలలు, బిందె ఎత్తడం, నేల మీంచి చేతులు ఊని లేవడం వద్దు. కుర్చీ కమోడ్ పెట్టుకోండి.

స్ట్రోక్ లక్షణం వస్తే ఏ టైమ్‌కు మొదలైందో చూసుకుని, సీటీ స్కాన్‌తోపాటు మెదడు నాళాల్లోంచి గడ్డను లాగి తీసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. పెద్ద ఆపరేషన్ అయిన 14 రోజుల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఇవ్వరు కాబట్టి గడ్డను లాగే సౌకర్యం లేని చోటికి వెళ్తే టైమ్ వృథా అవుతుంది. అలాంటి ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో డిశ్చార్జ్ రోజే కనుక్కుని, పేరు ఫైలు మొదటి పేజీ మీద రాసుకోండి.

గుండెకు మాత్రమే చేసి మెడను వదిలేసినవాళ్ళు డాప్లర్ తేదీ డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోవాలి. మెడకు చేయించుకున్నవాళ్ళకూ రెండో పక్క నాళం ఉంది కాబట్టి వాళ్ళకూ అదే మాట. ప్రతిసారీ పాత రిపోర్టు పట్టుకెళ్ళి, పీఎస్‌వీ పోయినసారికంటే ఎంత పెరిగిందో డాక్టర్‌నే అడగండి.